‘కావచ్చు’కూ ‘కాక తప్పదు’కూ మధ్య

చిలకలూరిపేట దాటి జాతీయ రహదారి మీద ఒంగోలు వైపు సాగితే మార్టూరు వస్తుంది. ఒకవైపు పత్తి, మిరప చేలు. మరోవైపు గ్రానైటు రాళ్లను పలకలుగా కోసి మెరుగుపెట్టే ఫ్యాక్టరీలు. ఆ ఊరిలో ఇటీవల మేము ఒక ఇంట కూర్చున్నాము. ఇంటి పెద్ద గ్రానైటు ఫ్యాక్టరీలో పాలిష్ పని చేస్తాడు. ఆయన భార్య మిరప కోతల కాలంలో కళ్లాలకు వెళ్లి తాలుకాయలు ఏరుతుంది. వారి పెద్దమ్మాయి ఇంటర్మీడియెట్ పూర్తిచేసింది. న్యాయశాస్త్రం చదవాలన్నది ఆమె కోరిక. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశపరీక్ష ‘క్లాట్’ ఒకసారి రాసింది. తర్క విభాగం దగ్గర ఆగిపోయింది. మళ్లీ రాయిద్దామని తండ్రి పట్నంలోని ఒక శిక్షణ కేంద్రానికి తీసుకువెళ్లగా, అక్కడివారు చెప్పిన మాట ఇది: “లాజిక్ అందరికీ ఎక్కదు భాయ్. అది పుట్టుకతో రావాలి. అమ్మాయిని డిగ్రీలో చేర్పించి సంబంధాలు చూసుకోండి.”

ఆ తండ్రి ఈ మాటను మాతో కోపంగా చెప్పలేదు. ఒప్పుకొని చెప్పాడు. మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధించింది ఆ ఒప్పుకోలే. ఎవరో ఒకరు మన బిడ్డ బుద్ధికి హద్దు గీస్తే, ఆ గీతను మన చేతులతో మనమే మరింత ముదురుగా దిద్దుకుంటున్నాము. ఈ వ్యాసం ఆ గీతను చెరపడానికి రాస్తున్నది.

మా వాదన సూటిగా చెబుతాము. తర్కం పుట్టుకతో వచ్చే వరం కాదు, అభ్యాసంతో వచ్చే పనితనం. ఆ అభ్యాసానికి కావలసిన చోటు, సమయం, భాష మన పిల్లలకు దక్కనివ్వకుండా చేసి, ఆపై వారికి బుద్ధి చాలదని తీర్పు చెప్పడం అన్యాయం. ఆ అన్యాయంలో ప్రభుత్వానికి వాటా ఉంది, పరీక్ష నిర్వాహకులకు వాటా ఉంది, మన జమాఅత్‌లకూ వాటా ఉంది.

ఒక కాగితం, అయిదు గీతలు

ఆ రోజు ఆ అమ్మాయి ముందు మేము ఒక కాగితం పెట్టాము. గుంటూరు మిర్చి యార్డులో అయిదు రకాల మిర్చి బస్తాలు ఎడమ నుంచి కుడికి ఒక వరుసలో ఉన్నాయనుకొమ్మన్నాము: తేజ, బ్యాడిగ, ఆర్మూరు, 334, 341. షరతులు మూడు. తేజ సరిగ్గా నడుమ ఉంది. 341కి కుడిపక్కన, దాన్ని ఆనుకొని బ్యాడిగ ఉంది. ఆర్మూరు వరుసకు ఏ చివరా లేదు. ఈ మూడింటిని బట్టి తప్పనిసరిగా నిజమయ్యేది ఏమిటన్నది ప్రశ్న.

అమ్మాయి అయిదు గీతలు గీసి, మూడో గీత మీద తేజ రాసింది. 341, బ్యాడిగలను జంటగా మొదటి రెండు స్థానాల్లో పెట్టింది. మిగిలినవి నాలుగు, అయిదు స్థానాలు. ఆర్మూరు చివర ఉండకూడదు గనుక నాలుగులో అది, అయిదులో 334. “అయిపోయింది సార్, 341 మొదట ఉంటుంది” అన్నది. చాలామంది చేసే పొరపాటే ఇది. ఒక అమరిక కుదరగానే అదే నిజమని నమ్మేస్తాము. “ఇంకోలా కుదురుతుందేమో చూడమ్మా” అన్నాము. కాసేపు ఆలోచించి జంటను నాలుగు, అయిదు స్థానాలకు జరిపింది. అప్పుడు ఆర్మూరు రెండో స్థానానికి, 334 మొదటి స్థానానికి వచ్చాయి. అదీ కుదిరింది.

“ఇప్పుడు చెప్పు, రెండిటిలోనూ మారనిది ఏమిటి?” ఆమె రెండు వరుసలనూ పోల్చి చూసింది. “ఆర్మూరు ఎప్పుడూ తేజ పక్కనే ఉంది సార్. 334 ఎప్పుడూ ఏదో ఒక చివరే ఉంది. 341 మొదట ఉండొచ్చు గానీ, ఉండి తీరాలని లేదు.” పక్కన కూర్చున్న తల్లి అంతవరకూ మాట్లాడలేదు. ఆమె కాగితం వైపు వంగి, “341 ఎక్కడుందో ఒక్కటి చెప్పేస్తే మిగతావన్నీ వాటంతటవే తేలిపోతాయి కదమ్మా” అన్నది. అవును, తేలిపోతాయి. బడిలో అయిదో తరగతి దాటని ఆ తల్లికి, ఎవరి లెక్క ప్రకారం తర్కం ఎక్కనట్టు?

తాలు ఏరడం ఎలా వచ్చిందని మేము ఆమెను అడిగాము. మొదటి ఏడాది చేతులు మండాయే తప్ప పని సాగలేదట. మంచి కాయను తాలులో వేసి, తాలును మంచిలో వేసి మేస్త్రీ చేత మాటలు పడిందట. రెండో ఏడాదికి కన్ను పట్టేసింది. ఇప్పుడు చూడకుండానే చేతికి తెలుస్తుంది. తర్కం కూడా సరిగ్గా ఇదే పని. వాక్యాల రాశిలోంచి తాలు ఏరడమే అది. మొదటి సీజనులో ఎవరికైనా చేతులు మండుతాయి. రెండో సీజను వరకు నిలబడే వీలు కొందరికి దొరుకుతుంది, కొందరికి దొరకదు. తేడా అక్కడ ఉంది, పుట్టుకలో లేదు.

ఇది పజిళ్ల సంగతి మాత్రమే కాదు

“బస్తాల వరుసకూ న్యాయానికీ ఏమి సంబంధం?” అని అడిగేవారు ఉన్నారు. ‘కావచ్చు’కూ ‘కాక తప్పదు’కూ మధ్య ఉన్న దూరమే ఆ సంబంధం. శివాజీ సాహెబ్‌రావ్ బోబడే కేసులో 1973లో సుప్రీంకోర్టు ఈ దూరాన్ని గట్టిగా గుర్తుచేసింది. నిందితుడు నేరం చేసి ఉండవచ్చు అన్నది ఒకటి, చేసి ఉండి తీరాలి అన్నది మరొకటి. మొదటిది ఊహ, రెండోది రుజువు అన్నది ఆ తీర్పు సారం. 1984లో శరద్ బిర్ధీచంద్ సార్డా కేసులో, ప్రత్యక్షసాక్షులు లేని నేరాలలో పరిస్థితుల సాక్ష్యాన్ని తూచడానికి న్యాయస్థానం అయిదు సూత్రాలు చెప్పింది. సాక్ష్యాల గొలుసు తెగకూడదు. నిందితుని నేరం తప్ప మరే వివరణా వాటికి కుదరకూడదు. మార్టూరు అమ్మాయి రెండో అమరికను వెతకడంలో చేసినది కూడా ఇదే. మరో వివరణ కుదిరితే మొదటిది రుజువైనట్టు కాదు.

ఈ దూరం చెరిగిపోతే ఏమవుతుందో మన సమాజానికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2007 మే 18న హైదరాబాదు మక్కా మస్జిద్‌లో జుమా నమాజు వేళ బాంబు పేలింది. ఆ తరువాత పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకువెళ్లారు, వేరు వేరు కేసులు మోపారు. అనుమానం వార్తలలో నిర్ధారణగా మారింది. చివరకు వారు న్యాయస్థానంలో నిర్దోషులుగా బయటపడ్డారు. వారికి పరిహారం ఇవ్వాలని అప్పటి రాష్ట్ర ప్రభుత్వమే నిర్ణయించవలసి వచ్చింది. దర్యాప్తు మరో దిశకు మళ్లి వేరే వారిపై అభియోగాలు నడిచాయి. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం వారినీ విడిచిపెట్టింది. సాక్ష్యం చాలని చోట ఎవరినైనా విడిచిపెట్టవలసిందేనన్న సూత్రం మనవారికి ఒకటి, పరాయివారికి ఒకటి కాదు. మేము కోరేది ఆ సూత్రం మన బస్తీ గడప దగ్గర కూడా అమలు కావాలనే.

“నిప్పు లేనిదే పొగ రాదు” అన్న సామెతను ఆ రోజుల్లో ఎందరు ఎన్నిసార్లు వల్లించారో గుర్తు చేసుకోండి. తర్కంలో ఈ సామెతకు పెద్ద చరిత్రే ఉంది. పదిహేడో శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన ‘తర్కసంగ్రహం’ నేటికీ దేశమంతటా తర్కానికి తొలి పాఠ్యగ్రంథం. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడమే అందులోని ప్రసిద్ధ ఉదాహరణ. అయితే ఆ సంప్రదాయం అక్కడితో ఆగదు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గానీ, నిప్పు ఉన్న ప్రతిచోటా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండే అందుకు సాక్షి. అంతకన్నా ముఖ్యమైనది, దూరం నుంచి కనిపించినది పొగేనా, మంచా అని ముందు తేల్చుకోవాలి. చలికాలపు తెల్లవారుజామున మార్టూరు మిరప చేల మీద లేచేది మంచే. దాన్ని పొగ అని కేక వేసి ఊరిని తగలబెట్టేవారు ఎప్పుడూ ఉంటారు. అది మంచని న్యాయస్థానంలో నిలబడి నిరూపించగల నల్లకోటు మన బస్తీలలో ఎన్ని ఇళ్లల్లో వేలాడుతున్నది?

మరో ఉదాహరణ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 ముస్లిం సమూహాలకు బి.సి.-ఇ పేరిట 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో దాన్ని కొనసాగనిచ్చింది. దీనిపై సభలలో వినిపించే వాదన ఒక్కటే: లబ్ధి పొందేవారంతా ముస్లింలే గనుక ఇది మతపరమైన రిజర్వేషన్. ఇందులో దాగిన తప్పు తర్క పరీక్షలో మొదటి వారం నేర్పే తప్పే. ‘లబ్ధి పొందేవారంతా ముస్లింలు’ అన్న వాక్యం నుంచి ‘ముస్లింలంతా లబ్ధి పొందుతారు’ అన్న వాక్యం రాదు. సయ్యదులు, పఠాన్లు, మొగలులు ఆ జాబితాలో లేరు. ప్రమాణం మతమే అయితే వారు ఎందుకు లేరు? ఈ ప్రశ్నను వేదిక మీద అడిగితే చప్పట్లు వస్తాయి. న్యాయస్థానంలో గణాంకాలతో, పూర్వ తీర్పులతో అడిగితే హక్కు నిలబడుతుంది. 2025లో వచ్చిన వక్ఫ్ సవరణ చట్టంపై పోరాటమూ ఇప్పుడు న్యాయస్థానాలలోనే నడుస్తున్నది.

మన వారసత్వాన్ని మనమే మరచితిమి

తర్కం పరాయి విద్య అనుకునే మన సోదరులకు ఒక మాట. మన మదరసాలలో శతాబ్దాలుగా ‘మంతిఖ్’ పేరుతో చదివినది ఈ విద్యనే. అరిస్టాటిల్ తరువాత రెండో గురువుగా పేరుపొందిన అల్ ఫారాబీ, ఇబ్న్ సీనా దీన్ని విస్తరించారు. తత్వవేత్తలను తీవ్రంగా ఖండించిన ఇమామ్ గజాలీ సైతం తర్కాన్ని వదలలేదు. ధర్మశాస్త్ర సూత్రాలపై తాను రాసిన ‘అల్ ముస్తస్ఫా’ను తర్కంతోనే ప్రారంభించి, అది తెలియనివాని జ్ఞానాన్ని నమ్మలేమన్నారు. మంతిఖ్‌లో ‘సుల్లముల్ ఉలూమ్’ రాసిన ముహిబ్బుల్లా బిహారీ ఔరంగజేబు కాలంలో లక్నోలోనూ, ఆ తరువాత హైదరాబాదులోనూ ఖాజీగా పనిచేశారు. తర్కశాస్త్రవేత్తే న్యాయమూర్తి కావడం మనకు కొత్త సంగతి కాదు.

ఫిఖ్‌హ్‌లోని ‘ఖియాస్’ను తీసుకోండి. దానికి నాలుగు అంగాలు: ముందే తీర్పు ఉన్న మూలవిషయం, తీర్పు కోసం ఎదురుచూస్తున్న కొత్త విషయం, రెండిటినీ కలిపే కారణం అంటే ‘ఇల్లత్’, చివరగా తీర్పు. ద్రాక్షసారా నిషిద్ధం, కారణం మత్తు, మరో పానీయంలోనూ అదే మత్తు ఉంటే అదీ నిషిద్ధం. రంగు ఎరుపు కావడం కారణం కాదు, సీసాలో ఉండడం కారణం కాదు. అసలు కారణాన్ని పట్టుకొని, కాకతాళీయమైన పోలికలను విదిలించడమే అందులోని నేర్పు. క్లాట్‌లోని న్యాయ తర్క విభాగం అడిగేదీ అదే: ఒక సూత్రం, ఒక సంఘటన, ఆ సూత్రం దానికి వర్తిస్తుందా లేదా. మన మౌల్వీ సాబ్‌లు ఈ పాఠాన్ని పేరు మార్చి పిల్లలకు చెప్పగలిగితే పరీక్షలో నాలుగో వంతు ప్రశ్నలకు పునాది మస్జిద్ వరండాలోనే పడుతుంది.

“వకీలు వృత్తి అబద్ధాల వృత్తి, దీన్‌దారులకు తగదు” అనే పెద్దలూ ఉన్నారు. మేము వారిని గౌరవిస్తూనే విభేదిస్తున్నాము. సొంతవారికి వ్యతిరేకమైనా సరే న్యాయం పక్షాన సాక్ష్యం చెప్పమని ఖుర్ఆన్ నాలుగో సూరా ఆదేశిస్తున్నది. ఆ ఆదేశం మోసేవారు న్యాయస్థానం మెట్లు ఎక్కకపోతే మరెవరు ఎక్కాలి? సుప్రీంకోర్టులో తొలి మహిళా న్యాయమూర్తిగా 1989లో ప్రమాణం చేసినది కేరళకు చెందిన ఫాతిమా బీవీ. సంబంధాలు చూసుకొమ్మని మార్టూరు తండ్రికి సలహా ఇచ్చినవారు ఆ పేరు వినలేదు కాబోలు.

గేటు ఎక్కడ బిగించారు?

అభ్యాసంతో అంతా వస్తుందంటున్నాము గనుక, తప్పంతా మన పిల్లల సోమరితనానిదేనని ఎవరూ తీర్మానించరాదు. క్లాట్ 2008లో మొదలైంది. 2020 నుంచి దాదాపు ప్రతి విభాగమూ సుదీర్ఘమైన ఆంగ్ల గద్యం చదివి జవాబు రాసేదిగా మారింది. ఇప్పుడు 120 నిమిషాలలో 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. పరీక్ష కేవలం ఆంగ్లంలో. దరఖాస్తు రుసుము నాలుగు వేలు, ఎస్.సి., ఎస్.టి., దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అయిదు వందలు తగ్గుతుంది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు, పరీక్షలో ఆంగ్లం. ఇదీ ఈ మైదానంలో సగటు ముస్లిం విద్యార్థి దాటవలసిన మూడు ఏర్ల కథ. ఇంట్లోనూ తెలుగే మాట్లాడే దూదేకుల, నూర్‌బాషా పిల్లలదీ వేరే కథ కాదు. పత్తి మైదానంలో తాతలు దూది ఏకి బతికారు. మిల్లులు వచ్చి ఆ విల్లు మూలన పడింది. మనవళ్లకు మరో పనిముట్టు ఇంకా చేతికి రాలేదు.

ఆంగ్ల గద్యం అర్థం కాక తప్పిన జవాబును తర్కం రాక తప్పిన జవాబుగా లెక్కగట్టడమే ఒక తర్కదోషం. ఆ అమ్మాయి మిర్చి బస్తాల లెక్కను తెలుగులో పావుగంటలో తేల్చింది. అదే లెక్క ఆంగ్లంలో ఇస్తే ‘అన్‌లెస్’ అన్న ఒక్క మాట దగ్గర తడబడింది. లోపం ఎక్కడున్నట్టు? ఆంధ్రప్రదేశ్ లాసెట్ 90 నిమిషాలలో 120 ప్రశ్నలతో తెలుగులోనూ జరుగుతున్నది, తప్పు జవాబుకు కోత లేదు. రాష్ట్ర కళాశాలలకు తెలుగులో తర్కించగలిగిన బుద్ధి, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయానికి వచ్చేసరికి ఎందుకు పనికిరాదు? క్లాట్‌ను ప్రాంతీయ భాషలలోనూ నిర్వహించాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యమే దాఖలైంది. ఆ కోరికకు మన సమాజం గొంతు కూడా కలపాలి.

పరీక్షలు దైవలిఖితాలు కావు, మారతాయి. అమెరికా న్యాయ కళాశాలల ప్రవేశపరీక్ష ‘ఎల్‌సాట్’లో దశాబ్దాలపాటు ‘లాజిక్ గేమ్స్’ అనే విభాగం ఉండేది. మన మిర్చి బస్తాల వంటి అమరికల ప్రశ్నలే అవి. బొమ్మ గీసుకుంటే తప్ప తేలని ఆ ప్రశ్నలు చూపులేనివారికి అన్యాయం చేస్తున్నాయని ఒక అంధ అభ్యర్థి న్యాయపోరాటం చేశాడు. 2019లో రాజీ కుదిరింది. 2024 ఆగస్టు నుంచి ఆ విభాగమే లేకుండా పోయింది. మన దేశంలోనూ, 2024 డిసెంబరులో జరిగిన క్లాట్‌లో రెండు ప్రశ్నల అధికారిక జవాబులు తప్పని ఒక విద్యార్థి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లి నెగ్గాడు. పరీక్ష పెట్టినవారి తర్కాన్నే అభ్యర్థి తర్కం ఓడించింది. గేటు దాటడం నేర్చుకోవాలి. గేటు వంకరగా ఉంటే ప్రశ్నించడమూ నేర్చుకోవాలి. ఈ రెండూ ఒకే విద్య.

సాధన ఇలా సాగాలి

ఇక పిల్లలకు మేము చెప్పేది. మొదటి నెల గడియారం పక్కన పెట్టండి. రోజుకు రెండు చిక్కులు చాలు, కానీ రెండిటినీ కడదాకా విప్పండి. కదలని షరతును ముందు పెట్టండి, జంటలను కట్టండి, ‘ఇక్కడ ఉండరాదు’ అన్నవాటిని గుర్తించండి. ఒక అమరిక కుదరగానే ఆగక రెండోది వెతకండి. వాక్యాన్ని తిప్పి చదివే అలవాటు మానుకోండి: వాన పడితే కళ్లం తడుస్తుంది గానీ, కళ్లం తడిసింది గనుక వానే పడిందని చెప్పలేము, ఎవరైనా నీళ్లు చల్లి ఉండవచ్చు. కళ్లం తడవలేదంటే మాత్రం వాన పడలేదని నిశ్చయంగా చెప్పవచ్చు.

ఒక తప్పుల పుస్తకం పెట్టుకోండి. జవాబు తప్పిందని రాయడం చాలదు, ఎందుకు తప్పిందో రాయాలి: ప్రశ్న సరిగా చదవలేదా, వాక్యాన్ని తిప్పేశామా, ‘కావచ్చు’ను ‘కాక తప్పదు’ అనుకున్నామా, లేక ఆంగ్లమే అర్థం కాలేదా. నెల తిరిగేసరికి మీ తప్పులన్నీ మూడు నాలుగు కుప్పలుగా విడిపోతాయి. ఏ కుప్ప పెద్దదో దాని మీదే పని చేయండి. ఇప్పటి క్లాట్‌లో అమరికల చిక్కుల కన్నా వాదనల విశ్లేషణకు విలువ ఎక్కువ. అందుకోసం రోజూ ఒక తెలుగు సంపాదకీయం తీసుకొని, రచయిత చివరకు తేల్చేది ఏమిటి, అందుకు చూపిన ఆధారం ఏమిటి, చెప్పకుండా నమ్ముకున్నది ఏమిటి అని మూడు గీతలు గీయండి. మా వ్యాసాన్నే తీసుకోండి, మాకు అభ్యంతరం లేదు. తెలుగులో చేయి తిరిగిన తరువాత అదే పనిని ఆంగ్ల పత్రికతో చేయండి. ఆపైనే గడియారం పెట్టండి. పాత ప్రశ్నపత్రాలు క్లాట్ నిర్వాహకుల వెబ్‌సైటులోనే ఉచితంగా దొరుకుతాయి.

ఒంటరిగా చదవకండి. మీరు విప్పిన చిక్కును తమ్ముడికో, అమ్మకో వివరించండి. చెప్పలేకపోతున్నారంటే ఇంకా అర్థం కాలేదన్నమాట. పరీక్ష రోజున మాత్రం పంతం వద్దు. చిక్కు ప్రశ్నకూ, తేలిక ప్రశ్నకూ మార్కు ఒక్కటే. ముడి విడకపోతే వదిలి ముందుకు సాగడం ఓటమి కాదు, అదీ తర్కమే.

ఎవరి బాధ్యత ఎంత?

2006 నాటి సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశ జనాభాలో 13.4 శాతం ఉన్న ముస్లింలు ఐ.ఎ.ఎస్.లో 3 శాతం, ఐ.పి.ఎస్.లో 4 శాతం, విదేశాంగ సేవలో 1.8 శాతం మాత్రమే. ఆ నివేదికను పట్టుకొని మనం పందొమ్మిదేళ్లకు పైగా సభలు జరుపుతున్నాము. ఈలోగా పరిశోధక విద్యార్థుల మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022లో నిలిపివేసింది. ప్రభుత్వాలను నిలదీయడం మన హక్కు, మానరాదు. రాష్ట్రంలో అల్పసంఖ్యాక విద్యార్థులకు పోటీపరీక్షల శిక్షణ ఇచ్చే కేంద్రాలలో న్యాయ ప్రవేశపరీక్షలకూ తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో ఉచిత శిక్షణ ఉండాలని మేము డిమాండ్ చేస్తున్నాము. బి.సి.-ఇ, బి.సి.-బి పేద విద్యార్థులకు పరీక్ష రుసుము మాఫీ చేయాలనీ డిమాండ్ చేస్తున్నాము.

కానీ ప్రభుత్వం వచ్చేవరకు బల్లలు ఖాళీగా ఉంచుదామా? కేరళ బిడ్డ షమ్నాద్ బషీర్ ఏమి చేశారో చూడండి. బెంగళూరు జాతీయ న్యాయ కళాశాలలో చదివి, పెద్ద చదువుల మెట్లెక్కిన ఆ న్యాయాచార్యుడు, న్యాయ విశ్వవిద్యాలయాలలో పేదలు ఎందుకు కనిపించరని ప్రశ్నించారు. 2010లో ‘ఐడియా’ అనే ఉద్యమాన్ని స్థాపించి, పల్లెల నుంచి, వెనుకబడిన ఇళ్ల నుంచి పిల్లలను ఎంపిక చేసి క్లాట్‌కు సిద్ధం చేయించారు. శిక్షణతో పాటు క్లాట్ లోపాల మీద సుప్రీంకోర్టుకూ వెళ్లారు. 2019లో ఆయన మరణించారు. ఆ పని నిలిచే ఉన్నది. పిల్లలను గేటు దాటించడం, గేటును నిలదీయడం రెండూ ఒక్క మనిషే చేసి చూపాడు. మన ఊళ్లలో ఒక కమిటీ చేయలేదా?

మస్జిద్ కమిటీలకు, షాదీఖానాల నిర్వాహకులకు మా విన్నపం ఇది. నెలలో ఇరవై రోజులు తాళం పడి ఉండే హాలులో వారానికి రెండు సాయంత్రాలు ఒక బల్ల, ఒక నల్లబోర్డు, పది కుర్చీలు వేయించండి. అమ్మాయిలకు వేరే వేళ కేటాయించండి, లేదని తిప్పి పంపకండి. ఊరి న్యాయవాదులను మతం చూడకుండా పిలవండి. వచ్చి ఒక గంట చెప్పమంటే కాదనేవారు తక్కువ. జకాత్, సదఖాలలో అర్హులైన విద్యార్థుల రుసుముకు కొంత వాటా తీయండి. ఒక ఖవ్వాలీ రాత్రికి అయ్యే ఖర్చుతో పదిమంది పరీక్ష రుసుము కట్టవచ్చునన్న లెక్కకు ఏ శిక్షణా అక్కరలేదు.

తండ్రులకు ఒక్క మాట. మీ బిడ్డ బుద్ధి గురించి ఎవరైనా తీర్పు చెబితే, వెంటనే ఒప్పుకోకండి. ఆధారం అడగండి. ఒకసారి పరీక్ష తప్పింది గనుక తర్కం రాకపోయి ‘ఉండవచ్చు’. భాష అడ్డు వచ్చి ఉండవచ్చు, అభ్యాసం చాలక ఉండవచ్చు. మరో వివరణ కుదిరినంతకాలం మొదటి వివరణ రుజువు కానట్టే. సుప్రీంకోర్టు నిందితుడికి ఇచ్చే ఆ మాత్రం న్యాయం మీ కూతురికి మీరు ఇవ్వలేరా?

మేము మార్టూరు నుంచి బయలుదేరేవేళ ఆ తండ్రి మాట్లాడలేదు. అమ్మాయి మాత్రం వాకిలి దాకా వచ్చి, “సార్, ఆరు రకాలైతే ఎలా చేయాలి?” అని అడిగింది. అయిదింటిలాగే చేయమన్నాము. వెనక్కి తిరిగి చూస్తే, తండ్రి ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకొని గీతల మీద వేలు పెట్టి చూస్తున్నాడు.